జ్ఞాపకాల నిల్వకు తెలుగు అక్షరం

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. ఆ తరువాత రెండు నెలలలో ఎయిరిండియా విమానాలు, ప్రధానంగా అమ్మాన్ నుంచి, సుమారు 1,70,000 మంది భారతీయులను స్వదేశానికి చేర్చాయి. ఆనాడు పాతికేళ్ళున్న వారికి నేడు అరవై నిండాయి. వారి అనుభవాలు రిగ్గై వంటి పేటలలోని ఇళ్ళలో కొన్ని పాత క్యాసెట్లలోనూ, కొన్ని ఫోటోలలోనూ, ఎక్కువగా వారి మనస్సులలోనూ ఉన్నాయి.

క్యాసెట్‌ను నమ్ముకోవడం క్షేమం కాదు. పాలియెస్టర్ ఫిల్ముపై ఐరన్ ఆక్సైడు రేణువులను పట్టి ఉంచేది తరచు పాలియురెథేన్ బంక. గాలిలోని తేమ ఆ బంకలోని ఎస్టరు బంధాలను క్రమంగా తెంచుతుంది. దీనినే జలవిశ్లేషణ అంటారు. వేడి పెరిగినకొద్దీ ఈ చర్య వేగం పుంజుకుంటుంది. 2016 జులైలో 53.9 డిగ్రీల సెల్సియస్ నమోదైన దేశంలో ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు.

అయితే డిజిటల్ రూపంలోకి మార్చినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. జియోసిటీస్ 2009లో, గూగుల్ ప్లస్ 2019లో మూతపడ్డాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోతుంది. తీసిన తేదీ వివరం కూడా ఊడిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే రెండూ నిలుస్తాయి. ఈ చిన్న సంగతి తెలియకనే ఎన్నో చిత్రాలు చెడుతున్నాయి.

అసలు చిక్కు అక్షరాలది. 1990లలో రైస్ విశ్వవిద్యాలయం పేరున వ్యాపించిన పద్ధతిలో రోమన్ అక్షరాలతో టైపు చేసిన తెలుగును నేటికీ మన లిపిలోకి మార్చవచ్చు, ఎందుకంటే దానికి నియమం ఉన్నది. ఇప్పటి ఇష్టారాజ్యపు రోమన్ రాతలో తాతకూ టాటాకూ తేడా లేదు! తెలుగు 1991 నుంచే యూనికోడ్‌లో ఉన్నా ఈ అలవాటు పోలేదు. తెలుగులోనే రాసినా మరొక ఇబ్బంది ఉంది: కడపవారి ‘జేజి’ గోదావరివారికి ‘మామ్మ’. ఒక మాటతో వెదికితే రెండవది దొరకదు.

కనుక ఏ వేదికనైనా దాని హంగులను బట్టి కాక, జేజి మనవడి సాయం లేకుండా తన గొంతుతో నాలుగు మాటలు చేర్చగలదా, చేర్చినవన్నీ రేపు బయటికి తీసుకోగలమా అన్న రెండు ప్రశ్నలతో తూచాలి. ఈలోగా ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం తెలుగులో రాసి, ఆ వెనుక భాగాన్ని కూడా స్కాన్ చేయించాలి. ఆ పేర్లు చెప్పగలవారు ఇంట్లో ఉండగానే ఆ పని జరగాలి.