అక్కడ కోసిన పన్ను ఇక్కడ చెల్లుతుందా?

మా వీధి చివరింటి అబ్బాయి పాశమైలారంలో యంత్రాలు తయారుచేసే ఓ కంపెనీలో ఇంజినీరు. 2025 జూన్ ఒకటిన జర్మనీ వెళ్లాడు. అక్కడి మాతృసంస్థలో అయిదు నెలలు పనిచేసి, అక్టోబరు నెలాఖరుకి తిరిగొచ్చాడు. వాళ్లమ్మ కాలనీ అంతా చాక్లెట్లు పంచింది. ఆ తరువాత ఓ సాయంత్రం కాగితాల కవరు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"అంకుల్, అక్కడ జీతంలోంచి పదహారు శాతం పన్ను కోసేశారు. ఇక్కడి ఫారం 16లో టీడీఎస్ సున్నా. ఇంక నేను కట్టాల్సిందేం లేదుగా?"

లేదని చెప్పి టీ ఇచ్చి పంపేస్తే బాగుండేది. కానీ లెక్క అలా లేదు.

ఆ అయిదు నెలలు తీసేసినా, ఆ ఆర్థిక సంవత్సరంలో అతను మన దేశంలో 212 రోజులున్నాడు. ఉద్యోగం కోసం విదేశం వెళ్లినవాళ్లు ఇక్కడ 182 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, మన చట్టం దృష్టిలో 'రెసిడెంట్' కిందే లెక్క. రెసిడెంట్ అయితే ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపాలి. ఇంకో 31 రోజులు అక్కడే ఉండి ఉంటే ఎన్నారై అయ్యేవాడు, జర్మనీ జీతం ఇక్కడి లెక్కలోకే వచ్చేది కాదు. ఆ మాట వినగానే అబ్బాయి మొహం వాడిపోయింది. "త్వరగా వచ్చేయమని అమ్మ గొడవ చేస్తే..." అని ఆగిపోయాడు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. జర్మనీ జీతం మన లెక్కలో 25 లక్షలు, ఇక్కడి ఏడు నెలల జీతం 8 లక్షలు. మొత్తం 33 లక్షల్లో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోను 32.25 లక్షలు. కొత్త విధానంలో 2025-26కి దీనిమీద పన్ను, సెస్సుతో కలిపి 5,69,400. ఇక్కడి కంపెనీ తానిచ్చిన 8 లక్షలే చూసింది. అంతవరకే అయితే రిబేటుతో పన్ను పడదు కాబట్టి ఏమీ కోయలేదు. తప్పు వాళ్లది కాదు.

జర్మనీలో కోసింది 4 లక్షలు. ఒకే జీతం మీద రెండుసార్లు పన్ను పడకుండా మనకూ జర్మనీకీ 1995లో కుదిరిన ఒప్పందం ఉంది. దాని ప్రకారం అక్కడ కట్టినదాన్ని ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవచ్చు. దీన్నే ఫారిన్ టాక్స్ క్రెడిట్ అంటారు. అయితే దీనికో హద్దుంది. ఆ విదేశీ ఆదాయం మీద ఇక్కడ ఎంత పన్ను పడుతుందో, అక్కడ ఎంత కట్టారో, రెండింటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. ఇతని విషయంలో సగటు రేటు సుమారు 17.66 శాతం, అంటే 25 లక్షల మీద 4.41 లక్షలు. అక్కడ కట్టింది అంతకన్నా తక్కువే కనుక 4 లక్షలూ చెల్లుతాయి. మిగిలిన 1,69,400 మాత్రం ఇక్కడ కట్టాలి. ముందే అడ్వాన్స్ టాక్స్ కట్టలేదు కాబట్టి దానిమీద వడ్డీ కూడా.

"మరి పే స్లిప్పులో పెన్షన్‌కీ, ఆరోగ్య బీమాకీ కోసినవి?" అన్నాడు. అవి ఆదాయపు పన్ను కాదు బాబూ, లెక్కలోకి రావు.

ఆ 4 లక్షలైనా ఊరికే రావు. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్లో ఫారం 67 నింపాలి. అక్కడి జీతం, కోసిన పన్ను చూపే సర్టిఫికెట్ జతచేయాలి. యూరోలను రూపాయల్లోకి మార్చేటప్పుడు గూగుల్లో కనిపించిన రేటు వేయకూడదు. పన్ను కోసిన నెలకి ముందు నెల చివరి రోజున ఉన్న టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్ కొనుగోలు రేటు వేయాలి. జులైలో కోస్తే జూన్ 30 నాటి రేటన్నమాట. 2025-26 ఆదాయానికి ఫారం 67 గడువు 2027 మార్చి 31 వరకు ఉన్నా, నా సలహా ఏమిటంటే రిటర్న్ కన్నా ముందే వేసేయండి. ఇది ఆలస్యమైందని క్రెడిట్ నిరాకరించిన కేసులున్నాయి. ఆలస్యం ఒక్కటే కారణంగా హక్కు పోదని మద్రాసు హైకోర్టు 2023లో చెప్పింది. కానీ ఆ మాట కోసం హైకోర్టు దాకా వెళ్లే ఓపిక మనలో ఎందరికుంది?

రిటర్న్‌కి ఐటీఆర్-1 పనికిరాదు, ఇలాంటివాళ్లు ఐటీఆర్-2 వేయాలి. అక్కడ తెరిచిన బ్యాంకు ఖాతా మూసేసినా సరే, విదేశీ ఆస్తుల షెడ్యూల్లో రాయాలి. మీరు మరిచిపోయినా, దేశాలు ఒకరి ఖాతాల వివరాలు ఒకరికి పంపుకుంటున్నాయి.

అబ్బాయి వెంట వచ్చిన మిత్రుడి కథ వేరు. అతను పనిచేసేది అమెరికన్ కంపెనీ శాఖలో. కంపెనీ ఇచ్చిన షేర్ల మీద ఏటా కొద్దిగా డివిడెండ్ వస్తుంది, అమెరికాలోనే 25 శాతం కోత పడుతుంది. వంద డాలర్లకు చేతికొచ్చేది 75 అయినా, ఇక్కడ చూపాల్సింది వందా. పూర్తిగా 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి ఆ పాతిక దాదాపు మొత్తం చెల్లిపోతుంది. ఇతని మొత్తం ఆదాయం మాత్రం 12 లక్షల లోపే. రిబేటుతో ఇక్కడ పన్ను సున్నా, కాబట్టి క్రెడిట్టూ సున్నా. అమెరికాలో పోయిన పాతిక మన ప్రభుత్వం వాపసివ్వదు. ఉన్నంతలో చేయగలిగింది, బ్రోకరు దగ్గర డబ్ల్యూ-8బెన్ ఫారం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం. అది లేకపోతే కోత 30 శాతం.

గల్ఫ్ నుంచి ఏడాది మధ్యలో వచ్చేసినవాళ్లూ ఒకటి గమనించాలి. అక్కడ పన్నే లేదు కాబట్టి క్రెడిట్ అన్న మాటే ఉండదు. ఆ సంవత్సరం 'ఆర్డినరిలీ రెసిడెంట్'గా తేలితే అక్కడి జీతం మొత్తం మీద ఇక్కడే పన్ను పడుతుంది. టికెట్ కొనేముందే రోజులు లెక్కపెట్టుకోండి.

వెళ్లబోయేవాళ్లు కంపెనీని అడగాల్సింది ఒక్కటే, జీతం ఎవరిస్తున్నారని. జర్మనీ విషయంలో ఇక్కడి కంపెనీయే ఇచ్చి, ఆ ఖర్చు అక్కడి శాఖ మీద వేయకుండా, ఉండేది 183 రోజులు దాటకపోతే, ఒప్పందం ప్రకారం అక్కడ పన్ను పడదు. పడకూడని పన్ను అక్కడ కోస్తే, దానికి ఇక్కడ క్రెడిట్ అడగడమూ కష్టమే.

మా అబ్బాయికి ఇంకో ఆశ మిగిలుంది. జర్మనీలో నెలనెలా కోత ఏడాదంతా అదే జీతం వస్తుందన్న లెక్కన వేస్తారు. కొన్ని నెలలే పనిచేసినవాళ్లు అక్కడ కూడా రిటర్న్ వేస్తే కొంత వాపసు రావచ్చు. దానికి నాలుగేళ్ల గడువుంది. అయితే వాపసొచ్చిన మేరకు ఇక్కడి క్రెడిట్టూ తగ్గించుకోవాలి. ఆ మాట చెప్పగానే కవరు మూసేసి, "రేపొస్తా అంకుల్" అన్నాడు. వడ్డీ నెలనెలా పెరుగుతుందని గేటు దాకా వెళ్లి మరీ చెప్పాను.