ఆసుపత్రి కొలువులు – మాటల పరీక్ష

సర్కారు ఆసుపత్రికి బోయినవారికి వైద్యుడు కనబడును, నర్సు కనబడును. లోపలి గదిలోని గుమాస్తా మాత్రము కనబడడు. అయినను పేదరోగి ప్రాణము పలుమాఱు వాని కలము మీదనే యాధారపడియుండును. మందుల నిలువ తగ్గినదని సకాలమున వ్రాసి పంపవలసినవాడు వాడే. ప్రభుత్వ ఆరోగ్య పథకపు కాగితమును తప్పులేక నింపవలసినవాడు వాడే. జననమరణముల లెక్కయు, పారిశుద్ధ్య కార్మికుల జీతపు బిల్లును వాని చేతిలోనివే. అట్టివానిని మనమెట్లు ఎన్నుకొనుచున్నాము?

నా పూర్వశిష్యుడొకడు కొన్నియేండ్ల క్రిందట ఒకానొక ఆసుపత్రిలో కాంట్రాక్టు లెక్కల గుమాస్తా పనికై ఇంటర్వ్యూకు బోయెను. లెక్కలలో దిట్ట, కంప్యూటరు పని తెలిసినవాడు, పెద్దల యెదుట మాటాడుటకు మాత్రము జంకువాడు. ఉదయము తొమ్మిదింటికి రమ్మని మధ్యాహ్నము మూడింటికి లోపలికి బిలిచిరి. "మీదేయూరు? మీ నాయన యేమి చేయును? తెలిసినవారెవరైన నున్నారా?" అని యడిగిరి. తన్ను గూర్చి యింగ్లీషులో జెప్పుమనిరి. నాలుగు నిమిషములలో నంతయు ముగిసెను. లెక్కపుస్తకమొక్కటియు వాని ముందు పెట్టినవారు లేరు. మన దేశమున ఊరడుగుట వెనుక వాడయు, వాడ వెనుక కులమును దాగియుండునని చదువరులకు వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఈ దోషము న్యాయస్థానముల దృష్టికి రాకపోలేదు. శ్రీనగరు ఇంజనీరింగు కళాశాల ప్రవేశములకు సంబంధించిన అజయ్ హాసియా వ్యాజ్యెమున 1980లో సుప్రీముకోర్టు, రెండుమూడు నిమిషముల సంభాషణకు మొత్తము మార్కులలో మూడవవంతు కేటాయించుట నిరంకుశమని నిర్ణయించి, నూటికి 15 మించరాదని చెప్పెను. కేంద్ర ప్రభుత్వము 2016 జనవరి 1 నుండి తన క్రిందితరగతి కొలువులకు ఇంటర్వ్యూను మానివేసెను. కాని ఆసుపత్రులలోని కాంట్రాక్టు కొలువులకు "వాకిన్ ఇంటర్వ్యూ" ప్రకటనలు నేటికిని పలు రాష్ట్రములలో వెలువడుచునే యున్నవి. పెద్దవాకిలి మూసి దొడ్డివాకిలి తెఱచియుంచిన ఇంటికి దొంగల భయము తీఱునా?

"కాగితముపై గుణము కనబడునా? ఏడ్చుచు వచ్చిన రోగిబంధువుతో ఓర్పుగ మాటాడగలడో లేడో చూడకయెట్లు తెలియును?" అని కొంద ఱందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. 1981లో లీలాధర్ వ్యాజ్యెమున అదే న్యాయస్థానము, పరిణతవయస్కులకిచ్చు బాధ్యతగల పదవుల విషయమున ఇంటర్వ్యూ విలువను అంగీకరించినది. ఆసుపత్రి నంతయు నడపవలసిన నిర్వాహకుని మాటాడింపక యెన్నుకొనుమని నేననను. నా వాదము మాటాడించు తీరును గూర్చియే. సాకెట్ మొదలగు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు 2022లో అనేక పూర్వ పరిశోధనలను మఱల గణించి చూపిరి: అందఱికిని ఒకే ప్రశ్నలు వేసి, ముందుగ నిర్ణయించిన కొలతతో మార్కులిచ్చు ఇంటర్వ్యూకును తరువాతి పనితనమునకును గల సంబంధము 0.42, తోచినట్లు మాటాడించు ఇంటర్వ్యూకు 0.19 మాత్రమే. అనగా మనము వాడుచున్నది చెడ్డ తక్కెడ. మంచి తక్కెడ ప్రక్కనే యున్నది.

కావున గుమాస్తాకు పనినే పరీక్షగ బెట్టుడు. తప్పులున్న మందుల నిలువపట్టికనిచ్చి దిద్దుమనుడు. రోగి యొకడు వ్రాసిన ఫిర్యాదునిచ్చి, వానికి బోధపడు తెలుగున జవాబు వ్రాయుమనుడు. ఓర్పు చూడవలెనన్నచో, కోపముతో వచ్చిన బంధువుగ నొకరిని కూర్చుండబెట్టి మాటాడింపుడు. పరీక్షకులలో ప్రతివాడును తక్కినవారితో ముచ్చటింపకముందే తన మార్కులు వ్రాసి సంతకము చేయవలెను. ఆ మార్కులు మఱునాడు గోడకంటింపబడవలెను. ఊరును తండ్రిపేరును పరీక్షకులకు దెలియనక్కఱలేదు. వీనికి గొప్ప ధనము పట్టదు, సిగ్గు చాలును.

ఇంతవఱకు అధికారులనంటిని, ఇక మనల నందును. సిఫారసు చీటి ఎవరి యింట బుట్టుచున్నది? మన యింటనే. నా శిష్యుడు ఓడివచ్చిన మఱుసటి వారము నేనే వానిని వెంటబెట్టుకొని ఒక పెద్దమనిషి గడప త్రొక్కి, చీటి వ్రాసి యిమ్మని వేడితిని. ఆయన వ్రాసెను, తరువాతి ఇంటర్వ్యూలో వానికి కొలువు దొరకెను. వాడు యోగ్యుడే. కాని ఆ దినమున ఆ గది వెలుపలి బల్లపై వానికన్న యోగ్యుడు, చీటి లేనివాడు, కూర్చుండెనో యేమో నేనెఱుగను. ఎఱుగజాలను కూడ. అదియే ఈ పద్ధతిలోని పాపము: అన్యాయము చేసినవానికి దానిని జూచు కన్నులు సైతముండవు.

మన పిల్లలకై చీటి వ్రాయింపకుందుము, అడిగినవారికి లేదందుము. మేనమామ కోపించినను, వియ్యంకుడు అలిగినను సహింతము. వారి యలుక పండుగనాటికి తీఱును. చీటితో కుర్చీ నెక్కినవాడు వ్రాయ మఱచిన మందు లేక, అర్ధరాత్రమున ఎవరి బిడ్డయో మూలిగినచో, ఆ లోటు ఏ పండుగకును తీఱదు.