ముందు వైద్యం, తర్వాతే కార్డు

పి.గన్నవరం మండల ప్రజలకు విన్నపం

వైనతేయ గోదావరి మీది అక్విడక్టు దాటి పి.గన్నవరం వచ్చేవారికి డొక్కా సీతమ్మ గారిని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. ఆ కట్టడానికి పెట్టుకున్నది ఆమె పేరే. లంకల గన్నవరంలోని తన ఇంట ఆ తల్లి వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టింది. కులమేదో, ఊరేదో ఆరా తీశాక విస్తరి వేసిన మనిషి కాదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది. అలాంటి గడ్డ మీద ఇవాళ గుండెనొప్పితో ఆసుపత్రికి చేరిన మనిషి ఇంటివాళ్లు ముందుగా వెతుక్కోవలసింది రేషన్ కార్డు.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ మరుసటి ఏడాదికల్లా రాష్ట్రమంతటా వచ్చింది. దానివల్ల నిలిచిన ప్రాణాలు కోనసీమలో ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అది మంచి పథకం కాబట్టే దాన్ని బాగుచేసుకోవాలని ఈ కరపత్రం అడుగుతోంది. పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా, వైఎస్సార్ ఆరోగ్యశ్రీగా, మళ్లీ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా మారుతూ వచ్చింది. 2023 డిసెంబరులో చికిత్స పరిమితి 25 లక్షల రూపాయలకు పెరిగింది. అర్హత తేల్చే పద్ధతి మాత్రం ఇంకా కాగితాల చుట్టూనే తిరుగుతోంది.

ఆ కాగితాల సంగతి చూడండి. పల్లెల్లో రేషన్ కార్డు, అంటే బియ్యం కార్డు కావాలంటే నెల ఆదాయం 10 వేలు దాటకూడదు, మాగాణి మూడెకరాలు మించకూడదు, కరెంటు వాడకం నెలకు 300 యూనిట్ల లోపే ఉండాలి. ఉచిత వైద్యానికి 2019లో పెట్టిన హద్దులు వేరు: ఏడాదికి 5 లక్షల ఆదాయం, 12 ఎకరాల మాగాణి, సొంతానికి ఒక కారు ఉన్నా ఫర్వాలేదు. అంటే బియ్యం కార్డు పోయినంత మాత్రాన వైద్యం పోనక్కర్లేదు. ఈ తేడా తెలియక ఎంతోమంది కార్డు పోగానే ఉచిత వైద్యం మీద ఆశ వదిలేసుకుంటున్నారు. తెలియజెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

కోనసీమ ఇళ్ల తీరు వేరు. కొబ్బరితోట మధ్య పెంకుటింట్లో అన్నదమ్ములిద్దరూ రెండు పొయ్యిలు పెట్టుకుంటారు గాని కరెంటు మీటరు ఒకటే. యూనిట్లన్నీ ఒకరి పేరున పడతాయి. ఇల్లాలు కువైట్‌లో పనికి వెళితే కార్డు కోసం వేలిముద్ర వేయడానికి ఆమె ఇక్కడ ఉండదు. పెళ్లయి వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డులోంచి తీయించి అత్తింటి కార్డులో ఎక్కించేలోపు ఆమెకు నెలలు నిండవచ్చు. వీటిలో ఏదీ ఆ మనిషికి వైద్యం అక్కర్లేదని చెప్పే ఆధారం కాదు.

ఆసుపత్రి గుమ్మంలో మనిషిని తిప్పి పంపడం గురించి సుప్రీంకోర్టు 1996లోనే తేల్చిచెప్పింది. పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడిపోయిన ఒక వ్యవసాయ కూలీని వరసగా ప్రభుత్వాసుపత్రులు చేర్చుకోలేదు. చివరకు అతను ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు కట్టి బతికాడు. అత్యవసర వైద్యం నిరాకరించడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు భంగమని, నిధుల్లేవన్న ప్రభుత్వ సాకు చెల్లదని కోర్టు చెప్పింది. పేదరికం తేల్చకుండా వైద్యం అందించడమూ సాధ్యమే: థాయ్‌లాండ్ 2002 నుంచి మిగతా ప్రభుత్వ పథకాల కిందికి రాని పౌరులందరినీ ఒకే ఆరోగ్య పథకంలోకి తెచ్చింది; పేదవాడినని అక్కడ ఎవరూ రుజువు చేసుకోనక్కర్లేదు.

మన రాష్ట్ర మంత్రివర్గం కూడా 2025 సెప్టెంబరులో ఆ దారిలోకి వచ్చింది. ఆదాయంతో పని లేకుండా ప్రతి కుటుంబానికీ ఏడాదికి 2.5 లక్షల రూపాయల వరకు బీమా, పేద కుటుంబాలకు ఆపైన వైద్య సేవ ట్రస్టు ద్వారా 25 లక్షల వరకు చికిత్స అని ఆమోదించింది. స్వాగతించవలసిన నిర్ణయమే. అయితే అది ఆసుపత్రి కౌంటరు దాకా రావాలి.

అలా రానివ్వకుండా కాగితాల తర్వాత అడ్డుపడే రెండో గోడ బకాయిలు. బిల్లులు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు 2024 మే నెలలో ఒకసారి, 2025 అక్టోబరులో మరోసారి సేవలు ఆపేశాయి. ప్రభుత్వానికీ ఆసుపత్రికీ మధ్య ఉన్న లెక్కకు రోగి జామీనుదారు కాదు. అయినా నష్టపోయేది అతనే: ఆపరేషన్ వాయిదా పడుతుంది, లేదా పరీక్షలకంటూ చేతిలోంచి డబ్బు పోతుంది. పథకం నిబంధన ప్రకారం పరీక్షలు, మందులు, భోజనం, ఇంటికి వెళ్లే దారిఖర్చు అన్నీ ప్యాకేజీలోనివే. ఈ మాట ఆసుపత్రిలో పథకం తరఫున సాయపడే ప్రతి ఆరోగ్యమిత్ర బల్ల మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఇక లంకల సంగతి. వరదొచ్చి గంటి పెదపూడి దగ్గర తాత్కాలిక గట్టు తెగితే బూరుగులంక, ఉడిమూడిలంక, అరిగెలవారిపేట జనం పడవెక్కాల్సిందే. అలా ఏరు దాటి వచ్చిన మనిషిని జిరాక్సు కోసం వెనక్కి పంపడం కంటే అన్యాయం ఉండదు.

అందుకే ఈ కోర్కెలు. ఆధార్ గాని, ఓటరు కార్డు గాని ఏదో ఒకటి చూసి వెంటనే చేర్చుకోవాలి. కార్డులో పేరు లేకపోతే ఆ పని రోగి మంచం మీద ఉండగానే గ్రామ సచివాలయం పూర్తిచేయాలి. అర్హత లేదంటే కారణం రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. ఆసుపత్రి బిల్లులకు గడువు పెట్టి, దాటితే ప్రభుత్వం వడ్డీ కట్టాలి. జిల్లాలో ఏ ఆసుపత్రికి ఎంత బాకీ ఉందో నెలనెలా ప్రకటించాలి. పి.గన్నవరం సామాజిక ఆరోగ్య కేంద్రంలో రాత్రిపూట కూడా డాక్టరు, పరీక్షలు, మందులు ఉండాలి. ఇవన్నీ కుదిరితే ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కు కోసం నాయకుల ఇళ్ల ముందు పడిగాపులు కాయవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

వచ్చే గ్రామసభలో ప్రతి పంచాయతీ ఈ కోర్కెలను తీర్మానంగా రాయించాలి. రోగిని తిప్పి పంపేసిన ప్రతి సందర్భాన్నీ తేదీతో సహా కాగితం మీద పెట్టి, సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీగా ఇచ్చి, రసీదు తీసుకోవాలి. వైద్య సేవ హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోవాలి.