ఊళ్ళు చూద్దాం రండి: పోచంపల్లిలో ఒక రాత్రి

పిల్లలూ,

చిక్కడపల్లి నుంచి మీలో ఒక చిరంజీవి ఈ మధ్య నాకు ఉత్తరం రాసింది. సెలవుల్లో వాళ్ళ నాన్నగారు, పల్లెటూరు చూపిస్తామనేవారికి డబ్బు కట్టారట. ఒక రాత్రి బస, రెండు పూటల భోజనం, ఎడ్లబండి మీద షికారు, కుమ్మరి సారె తిప్పుతుంటే చూడడం, అన్నీ ఆ డబ్బులోనేనట. ఈ సంగతి విని వాళ్ళ అమ్మమ్మ పడీ పడీ నవ్విందట. "పల్లెటూళ్ళో పడుకోవడానికి డబ్బు కట్టడమేమిటే పిల్లా! మా ఇంటికి చుట్టాలు వస్తే నెల్లాళ్ళు కదిలేవారు కాదు. ఒక్క పైసా అడిగామా?" అన్నదట. "మామయ్యగారూ, అమ్మమ్మ మాట నిజమా, నాన్న చేసింది సబబా?" అని ఆ పిల్ల ప్రశ్న.

మంచి ప్రశ్నే. జవాబు చెప్పడానికి నాకు ఒక అనుభవం ఉన్నది. అందులో నా తప్పు కూడా కొంత ఉన్నది. అయినా దాచకుండా చెబుతాను.

మా ఇల్లు అంబర్‌పేటలో. మీరు గమనించారో లేదో, మన పేటల పేర్లలో పల్లెలు ఇంకా దాక్కునే ఉన్నాయి. చిక్కడపల్లిలో "పల్లి" ఉన్నది, నారాయణగూడలో "గూడ" ఉన్నది. మా అంబర్‌పేటలో బతుకమ్మకుంట అని ఒక చెరువు ఉన్నది. అది పూడిపోయి, చెరువన్న సంగతే జనం మరిచిపోయే స్థితికి వస్తే, 2025లో పూడిక తీసి మళ్ళీ నీళ్ళు నింపారు. అంటే పల్లె మనకు మరీ అంత దూరమేమీ కాదన్నమాట.

పోయిన సెలవుల్లో మా చెల్లెలి కొడుకు మా ఇంటికి వచ్చాడు. వాడికి పదకొండేళ్ళు. పుట్టినప్పటి నుంచీ అశోక్‌నగర్ దాటి ఎరగడు. వాణ్ణి వెంటబెట్టుకుని పోచంపల్లి బయలుదేరాను. మా ఇంటి నుంచి రమారమి 45 కిలోమీటర్లు. మూసీ దాటి, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, హయత్‌నగర్ మీదుగా విజయవాడ రోడ్డున పోయి, ఎడమవైపుకు తిరగాలి. మూసీ మీదికి రాగానే మావాడు ముక్కు మూసుకున్నాడు. "ఛీ, మామయ్యా, ఏం కంపు!" అన్నాడు. అది మనందరి ఇళ్ళ నీరేనని చెప్పాను. అంబర్‌పేటలో ఆ మురుగును శుభ్రం చేసే కేంద్రం ఉన్నది. రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల నీటిని శుద్ధి చెయ్యగలదు. అంతపెద్దది ఉన్నా, నగరపు మురుగు ఇంకా ఎంతో మూసీలోకి పోతూనే ఉన్నది. మరి ఆ నది ఎక్కడికి పోతుందో తెలుసునా? తూర్పుగా పారి పోచంపల్లి మండలంలోకే పోతుంది! అక్కడ పిల్లాయిపల్లి దగ్గర దాని నీటిని కాలువకు మళ్ళించి పొలాలకు పారిస్తారు. ఆ రోజంతా మేము ఆ నీళ్ళ వెంటే పోయామని చెప్పవచ్చు.

పోచంపల్లి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది. పూర్తి పేరు భూదాన్ పోచంపల్లి. ఆ "భూదాన్" ఎలా వచ్చిందో మీ పాఠాల్లో చదివే ఉంటారు. కాని నేను మరో విధంగా చెబుతాను. ఈ ఊరికి చరిత్రలో అందరికన్న గొప్ప పేరు తెచ్చిన మనిషి, మాలాగే నాలుగు పూటలు ఉండిపోవడానికి వచ్చిన అతిథి!

ఆయన వినోబా భావే. 1951 ఏప్రిల్‌లో హైదరాబాదు పక్కన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. దానికి వినోబాగారు ఎక్కడో వార్ధా దగ్గరి తన ఆశ్రమం నుంచి కాలినడకను వచ్చారు. సమ్మేళనం కాగానే మళ్ళీ నడక సాగించారు. అప్పుడు నల్లగొండ ప్రాంతమంతా భూమి కోసం పోరాటంతో అట్టుడికిపోతున్నది. ఏప్రిల్ 18వ తేదీన ఆయన పోచంపల్లి చేరారు. బస చూసుకుని ఊరుకోలేదు. దళితవాడకు వెళ్ళి, మీకేం కావాలని అడిగారు. 80 ఎకరాల భూమి కావాలన్నారు వాళ్ళు. 40 తరి, 40 మెట్ట. 40 కుటుంబాలు బతుకుతాయన్నారు. ప్రభుత్వం ఇవ్వడానికి ఆలస్యమవుతుంది, మరి ఊళ్ళోవాళ్ళెవరైనా ఇవ్వగలరా అని వినోబాగారు సభలో అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి, 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగినదానికన్న ఇరవై ఎకువ! వినోబాగారు ఆ తర్వాత రమారమి పదమూడేళ్ళు దేశమంతా నడిచి భూమి అడుగుతూనే ఉన్నారు. ఆయన బసచేసిన ఇల్లు ఇప్పుడు వినోబా మందిరం. అది చూశాం. 101 దర్వాజాల ఇల్లని మరొకటి ఉన్నది. మావాడు తలుపులు లెక్కపెట్టబోయి మధ్యలోనే తప్పిపోయాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. పోచంపల్లికి జనం వచ్చేది ముఖ్యంగా మగ్గాలు చూడడానికి. 2003 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వమూ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థా కలిసి దేశంలో 36 ఊళ్ళను పర్యాటకులకు పరిచయం చెయ్యాలనుకున్నప్పుడు పోచంపల్లిని కూడా అందులో చేర్చారు. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ 32 దేశాల నుంచి 44 గ్రామాలను ఉత్తమ పర్యాటక గ్రామాలని ప్రకటించింది. వాటిలో మన పోచంపల్లి ఒకటి.

మేము బస చేసింది ఒక నేతకారుల ఇంట. ముసలి దంపతులు. తెలిసినవారి ద్వారా ముందే మాట్లాడుకున్నాం, భోజనానికీ బసకూ ఇంత అని. వెళ్ళగానే అవ్వ మంచినీళ్ళిచ్చి, మావాడి తల నిమిరి, "మస్తు ఎండల బడి వచ్చిండ్రు, కూసో బిడ్డా" అన్నది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మావాడు మొదట మొహం చిట్లించి, తర్వాత మూడో రొట్టె అడిగాడు.

పోచంపల్లి చీర ఎలా తయారవుతుందో మీకు తెలుసునా? మామూలుగా గుడ్డ నేసిన తర్వాత దానిమీద బొమ్మ అద్దుతారు. ఇక్కడ అంతా తలకిందులు. నెయ్యకముందే, ఒట్టి దారం మీద బొమ్మ వెయ్యాలి! దారాల కట్టను సాగదీసి, రంగు అంటకూడనిచోట గట్టిగా కడతారు. దీన్నే చిటికి కట్టడం అంటారు. కట్టడానికి వాడేది ఏమనుకున్నారు? సైకిలు ట్యూబు కోసిన సన్నటి రబ్బరు పీలికలు! కట్టిన కట్టను రంగులో ముంచుతారు. కట్టినచోట తెల్లగా మిగులుతుంది. తర్వాత కొన్ని విప్పి, మరికొన్ని కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. ఇలా ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. ఆ దారాలను వరస తప్పకుండా నేస్తే అప్పుడు చిలకో, ఏనుగో, పలకల ముగ్గో తేలుతుంది. బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి చూడండి, అది లోపం కాదు. కట్టు కిందికి రంగు కొద్దిగా పాకుతుంది. దీపపు వత్తిలోకి నూనె పాకినట్టే. దారాలు కూడా నేతలో వెంట్రుకవాసి జరుగుతాయి. ఇంకో గుర్తు చెబుతాను. దారానికే రంగు పట్టింది గనక ఈ గుడ్డకు ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. బొమ్మ అచ్చువేసి పోచంపల్లి అని అమ్మే గుడ్డను తిప్పి చూస్తే వెనక వెలవెలబోతుంది. ఈసారి బజారుకు వెళ్ళినప్పుడు మీ అమ్మగారికి చెప్పండి.

చిటికి కట్టేముందు చేసే పని ఒకటున్నది. దాన్ని ఆసు పొయ్యడం అంటారు. ఒక చెక్క చట్రానికి ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరస ఉంటాయి. దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చుడుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి రమారమి 9,000 సార్లు ఆడాలి. ఒక్కొక్కసారి చెయ్యి ఒక మీటరు కదిలిందనుకోండి. 9 కిలోమీటర్లయింది! అంబర్‌పేట నుంచి ఉప్పల్ వెళ్ళి తిరిగి వచ్చినంత దూరం, కూర్చున్నచోటి నుంచి చెయ్యి ఒక్కటే నడుస్తుంది. ఇళ్ళలో ఈ పని ఆడవాళ్ళదే. భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే కుర్రవాడు తల్లి పడే బాధ చూడలేక, పెద్ద చదువు లేకపోయినా యేళ్ళతరబడి కుస్తీపట్టి, 1999లో ఆసు పోసే యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా అవ్వ ఇంట్లో కూడా ఇప్పుడు యంత్రమే పోస్తున్నది. అయినా అవ్వ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు.

ఇంతవరకూ బాగానే ఉన్నది. సాయంత్రం తాత మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. మావాడు పక్కనే కూర్చుని కళ్ళార్పకుండా చూస్తున్నాడు. "తాతా, నేనొక్కసారి నేస్తాను!" అన్నాడు. తాత ఒక్క క్షణం నావంక చూశాడు. ఆ చూపుకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు. వద్దని నేను చెప్పాలి. చెప్పకపోగా, వాడు మగ్గంలో కూర్చుంటే ఫోటో తీసి వాళ్ళమ్మకు పంపుదామని ఫోను తీశాను! డబ్బిచ్చి వచ్చిన అతిథిని కాదనలేక, తాత లేచి వాణ్ణి కూర్చోబెట్టాడు.

మగ్గం పని చూడడానికి సులువు. కాలితో తొక్కితే పడుగు పోగులు సగం పైకి, సగం కిందికి విడిపోయి మధ్య సందు ఏర్పడుతుంది. ఆ సందులోంచి నాడె అటు పోతుంది. పోయిన తర్వాతనే కాలు మార్చాలి. మావాడు రెండుసార్లు బాగానే చేశాడు. మూడోసారి నాడె మధ్యలో ఉండగానే కాలు మార్చాడు. పోగులు నాడె మీద మూసుకున్నాయి. వాడు కంగారుపడి పలకను ముందుకు గుంజాడు. టపటపమని చప్పుడు! పట్టుపోగులు ఇరవై ముప్ఫై తెగి వేలాడాయి.

మావాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. తాత ఏమీ అనలేదు. "ఏం గాదు బిడ్డా. ముడేస్త, ఏముంది" అన్నాడు. అవ్వ మాత్రం లోపలికి వెళ్ళిపోయింది.

ఒక్కొక్క తెగిన పోగునూ వెతికి, దాని జోడును పట్టుకుని, అచ్చులో దాని సందు ఏదో చూసి, మధ్య చిన్న దారం ముక్క వేసి అతకాలి. వరస తప్పితే బొమ్మ చెడుతుంది. తాతకు రాత్రిపూట చూపు సరిగ్గా ఆనదు. మావాడు ఎవరూ చెప్పకుండానే నా ఫోను తీసుకుని దీపం వెలిగించి పట్టుకున్నాడు. కాసేపటికి, "తాతా, ఆ చివర ఇంకొకటి ఉంది" అని పోగులు వెతికి చూపించడం మొదలుపెట్టాడు. నిద్రొస్తున్నా కదలలేదు. ముగిసేసరికి పదిన్నర దాటింది. పక్క ఇళ్ళలో మగ్గాల చప్పుడు కూడా ఆగిపోయింది.

ఆ పూట నేత పోయినట్టే కదా. ఆ చీరకు దారం ఇచ్చింది షావుకారు. నేసి అప్పగిస్తేనే తాతకు కూలి. పొద్దున బయలుదేరేటప్పుడు మాట్లాడుకున్న దానికన్న ఎక్కువ ఇవ్వబోయాను. తాత పుచ్చుకోలేదు. "పిలగాడు గదా సారూ" అన్నాడు. అవ్వ మాత్రం చెయ్యి చాచి, లెక్కపెట్టి, కొంగున ముడివేసుకున్నది. "నిన్న రాత్రి నూలు తెగింది, మా పని తెగింది. ఆయనకు మొగమాటం. నాకు లేదు" అన్నది. నాకు అవ్వ మాటే నచ్చింది. తర్వాత ఆమే మావాడికి బెల్లంముక్క పెట్టింది.

ఇప్పుడు చిక్కడపల్లి చిరంజీవికి జవాబు. మీ అమ్మమ్మ చెప్పినది అక్షరాలా నిజం. చుట్టాలు డబ్బివ్వరు. కాని ఆ చుట్టాలు వడ్లు దంచేవారు, నీళ్ళు తోడేవారు, మరో ఏడు మీ అమ్మమ్మవాళ్ళు వాళ్ళింటికి పోయి నెల్లాళ్ళు ఉండేవారు. అడిగి చూడు, అవునంటుంది. మనం అవ్వ ఇంటికి పోతాం కాని, అవ్వ మన ఇంటికి రాదు. అందుచేత మీ నాన్నగారు డబ్బు కట్టడం సబబే. అయితే ఒక్కమాట ఆయన్ని అడుగు: కట్టినదాంట్లో ఎంత ఆ ఇంటివాళ్ళకు చేరుతుంది? తీసుకుపోయేవాళ్ళకే అంతా పోతే అమ్మమ్మ నవ్వడంలో తప్పులేదు.

ఇటలీ దేశంలో ఇలా పల్లెల్లో అతిథులను పెట్టుకునే అలవాటు బాగా పెరిగితే, 1985లో ఒక చట్టం చేశారు. రైతు అతిథులను పెట్టుకోవచ్చు, కాని అతని ముఖ్యమైన పని సేద్యమే అయి ఉండాలని అందులో నియమం. పోచంపల్లి తాత మొహమాటం చూసిన తర్వాత ఆ నియమం ఎందుకు పెట్టారో నాకు బాగా అర్థమయింది. అతిథుల కోసమే నేసేవాడైతే, పోగులు తెగినా అతనికి పోయేదేమున్నది?

తిరిగి వస్తూ మూసీ దాటుతున్నప్పుడు మావాడు ఈసారి ముక్కు మూసుకోలేదు. "మామయ్యా, ఈ నీళ్ళు తాత వాళ్ళ మండలం చేరడానికి ఎంతసేపు పడుతుంది?" అని అడిగాడు. లెక్క కట్టడానికి నది ఎంత వేగంగా పారుతుందో కావాలి కదా! నీళ్ళలో తేలుతున్న ఒక కొమ్మను చూసి, అది పది సెకండ్లలో ఎంతదూరం పోయిందో ఒడ్డు మీద స్తంభాలతో అంచనా వేశాడు. మిగతా లెక్క వాడు ఇంకా చేస్తూనే ఉన్నాడు.

మీకు కూడా ఒక పని చెబుతాను. పాత తెల్ల జేబురుమాలు ఒకటి తీసుకోండి. అక్కడక్కడ చిటికెడు గుడ్డ పైకి లాగి, రబ్బరుబాండుతో బిగించి కట్టండి. పసుపు కలిపిన వేడినీళ్ళలో, అమ్మ దగ్గరుండగానే సుమా, అరగంట నానబెట్టండి. ఆరిన తర్వాత విప్పి చూడండి. కొన్ని కట్లు వదులుగా, కొన్ని గట్టిగా కట్టి, రంగు ఎంత లోపలికి పాకిందో స్కేలుతో కొలిచి నాకు రాయండి. గుడ్డ మీద ఇరవై కట్లు కట్టడానికి మీకెంతసేపు పట్టిందో అది కూడా రాయాలి.

మీ
మామయ్య