గల్ఫ్ రోడ్లపై నడిచే మన కార్మికుల ప్రాణరక్షణ కోసం వినతిపత్రం

గౌరవనీయులైన కేంద్ర విదేశాంగ శాఖ మంత్రి గారికి,

గల్ఫ్ దేశాల్లో పనిచేస్తున్న తెలుగు కార్మికులు, ఊళ్లలో ఉన్న వారి కుటుంబాలు సమర్పించుకుంటున్న వినతి.

విషయం: యూఏఈ తదితర గల్ఫ్ దేశాల్లో రోడ్డు దాటుతూ మన కార్మికులు ప్రాణాలు పోగొట్టుకోకుండా, జైలుపాలు కాకుండా చర్యలు తీసుకోవడం గురించి.

అయ్యా,

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి, కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు బయలుదేరే మనిషికి ఏజెంటును ఎంతవరకు నమ్మాలో, అగ్రిమెంటులో ఏం చూసుకోవాలో చెప్పేవాళ్లు ఇప్పుడు ఊరికొకరైనా ఉన్నారు. రోడ్డు దాటడం కూడా నేర్పాల్సిన పనే అని మాత్రం ఎవరికీ తోచదు. నడిచొచ్చిన కాళ్లే కదా అనుకుంటారు.

మన దేశంలో బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి. రోడ్డు మీద అడుగు పెట్టగానే మొదట ఎదురయ్యే బండి కుడి వైపు నుంచి వస్తుంది. చిన్నప్పటి నుంచీ మెడ అటే తిరగడం అలవాటు. గల్ఫ్‌లో బండ్లు కుడి పక్కన నడుస్తాయి కాబట్టి మొదటి బండి ఎడమ నుంచి వస్తుంది. కొత్తగా దిగినవాడు ఖాళీగా ఉన్న వైపు చూసి అడుగేస్తాడు. దీనికి తోడు మనకింకో అలవాటుంది: చెయ్యి అడ్డం చూపిస్తూ దాటేయడం. హైదరాబాద్‌లోనో రాజంపేటలోనో అది పనిచేస్తుంది, బండి వేగం అంతే కాబట్టి. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు కదులుతుంది. నాలుగు లేన్లు దాటడానికి మామూలు నడకకు 12 సెకన్లు పడుతుందనుకుంటే, ఆలోగా ఆ కారు 330 మీటర్లకు పైగా వచ్చేస్తుంది. అంత దూరంలో చీకట్లో కనిపించేవి రెండు దీపాలే. వాటి వేగం ఎంతో కంటితో పోల్చుకోవడం ఎవరి తరం?

ఇక దాటకూడని చోట ఎందుకు దాటుతారన్న ప్రశ్న. క్యాంపు ఒక పక్క, బకాలా (కిరాణా దుకాణం) ఇంకో పక్క. నగరంలోకి పోయే బస్సు ఆగేది అవతల. జీబ్రా గుర్తులో పాదచారుల వంతెనో ఉన్నా, అక్కడికి నడిచి వెళ్లి తిరిగి రావాలంటే వేసవిలో అది చిన్న నడక కాదు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పనిచేయించడం నిషేధం. మంచి నిబంధనే, మాకు దానిపై ఫిర్యాదు లేదు. కానీ ఆ గంటలు సర్దడానికి పని ముందే మొదలవుతుంది, ఆలస్యంగా ముగుస్తుంది. అంటే రోడ్డు దాటేది తెల్లవారకముందు, లేదా చీకటి పడ్డాక. పన్నెండు గంటలు కష్టపడి వచ్చినవాడి చూపు ఎంత చురుగ్గా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

యూఏఈలో అనుమతి లేని చోట దాటితే 400 దిర్హాముల జరిమానా చాలాకాలంగా ఉన్నదే. 2025 మార్చి 29 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ట్రాఫిక్ చట్టం అంతటితో ఆగలేదు. అలా దాటడం వల్ల ప్రమాదం జరిగితే జైలుతో పాటు 5,000 నుంచి 10,000 దిర్హాముల జరిమానా విధించవచ్చు. వేగపరిమితి 80 కిలోమీటర్లు, అంతకు మించి ఉన్న రోడ్లపై ఈ శిక్ష మూడు నెలలకు తగ్గని జైలు, 10,000 దిర్హాములకు తగ్గని జరిమానా, లేదా వీటిలో ఏదో ఒకటి. ఆ దేశపు చట్టాన్ని మేం తప్పుపట్టడం లేదు, మినహాయింపూ అడగడం లేదు. అయితే దెబ్బ తగిలినవాడు పోలీసు కేసుకు భయపడి ఆస్పత్రికి పోకుండా క్యాంపులో పడుకుంటాడేమోనన్నది మా భయం. ఖల్లివెల్లి అయినవాడి (కంపెనీ వదిలి కాగితాలు లేకుండా ఉన్నవాడి) సంగతైతే చెప్పనే అక్కర్లేదు.

అందుకని మేం కోరుతున్నవి ఇవి.

ప్రయాణానికి ముందు ఇచ్చే ఒక రోజు ఉచిత శిక్షణలో రోడ్డు దాటడానికి కనీసం అరగంట కేటాయించాలి. అదీ ఉపన్యాసంగా కాదు. నేల మీద ముగ్గుతో గీతలు గీసి, ముందు ఎడమకు చూడటం, డివైడర్ దగ్గర ఆగి తర్వాత కుడికి చూడటం మెడకు అలవాటయ్యేలా నడిపించాలి. పదో తరగతి పాసైనవాడి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు కాబట్టి అతనికి ఈ శిక్షణా తప్పనిసరి కాదు, బీమా కూడా తప్పనిసరి కాదు. విజిట్ వీసా మీద పోయేవాడు అసలు లెక్కలోకే రాడు. వీళ్ల కోసం శంషాబాద్ విమానాశ్రయంలో గల్ఫ్ విమానాల గేట్ల దగ్గర రెండు నిమిషాల తెలుగు వీడియో నడపాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్ఆర్‌టీ సంస్థల ద్వారా అదే వీడియో ఊళ్లకూ చేరాలి.

అన్నిటికన్నా మేం గట్టిగా పట్టుబట్టేది క్యాంపుల సంగతి. మనుషుల్ని తీసుకెళ్లే విదేశీ కంపెనీ మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదు చేసుకునేటప్పుడే క్యాంపు ఎక్కడుందో, క్యాంపుకూ, బస్సు ఎక్కే చోటు, దుకాణాలకూ మధ్య ఏ రోడ్డుందో, దాటే దారి ఎంత దూరమో రాసి ఇవ్వాలి. కార్మికుల్ని రోడ్డు అవతల దింపి పోకుండా బస్సు క్యాంపు గేటు దాకా రావాలి. చీకట్లో మెరిసే జాకెట్టు సైటులో ఎలా ఇస్తున్నారో, సైకిలు మీద, కాలినడకన పోయేవాళ్లకూ అలాగే ఇవ్వాలి. సోనాపూర్, జెబెల్ అలీ, ముసఫ్ఫా లాంటి కార్మికుల క్యాంపులున్న చోట్ల వంతెన ఎక్కడ అవసరమో మన రాయబార కార్యాలయం, కాన్సులేట్ అక్కడి కార్మికుల్నే అడిగి, ఆ జాబితాను స్థానిక అధికారులకు అందించాలి.

గాయపడినవారి మీద కేసు పడితే భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి వకీలును పెట్టాలి. కోర్టులో తెలుగు తెలిసిన దుబాసీ ఉండాలి.

ప్రమాదంలో కార్మికుడు చనిపోతే, యూఏఈలో దియా (ప్రాణనష్ట పరిహారం) కింద 2 లక్షల దిర్హాములు రావచ్చు. తప్పు నడిచేవాడిదని తేలితే అది తగ్గే ప్రమాదం ఉంది. ప్రవాసీ భారతీయ బీమా ఉంటే 10 లక్షల రూపాయలు. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం, గడువు తీరాక కట్టాలని గుర్తుచేసేవాడే లేడు. ఫోనుకు తెలుగులో సందేశం పంపడానికి ఖర్చెంత? పోలీసు రిపోర్టు అరబ్బీలో ఉంటుంది. వారసుల సర్టిఫికెట్ మండలాఫీసులో, జీపీఏ (అధికార పత్రం) మరోచోట. శవపేటిక కోసం ఎదురుచూస్తున్న ఇల్లాలు ఇవన్నీ పట్టుకొని తిరగలేదు. ఒక్కో జిల్లా కలెక్టరేట్‌లో ఒక అధికారి ఈ కాగితాలన్నీ తానే పూర్తిచేయించి పంపాలి.

మరణాల లెక్కలో రోడ్డు ప్రమాదం అని ఒక్క మాట రాస్తే చాలదు. నడుస్తూ పోయారా, వాహనంలోనా, ఏ రోడ్డు మీద, ఏ వేళ అన్నది ఏటా ప్రకటించాలి. పేర్లు అక్కర్లేదు.

ఈ అంశాలను యూఏఈతో కార్మికుల విషయమై జరిగే తదుపరి అధికారిక చర్చల ఎజెండాలో చేర్చి, తీసుకున్న నిర్ణయాలను మాకు రాతపూర్వకంగా తెలియజేయాలని మనవి.

ఇట్లు,
గల్ఫ్ కార్మికులు, వారి కుటుంబ సభ్యులు
(సంతకాలు, వేలిముద్రలు జతచేయబడినవి)

ప్రతులు: తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రులకు, అబుదాబిలోని భారత రాయబారికి, దుబాయ్‌లోని భారత కాన్సుల్ జనరల్‌కు.