ముందల చక్రం లేపుడు గొప్పతనమా?

 

ఈసారి గోడపత్రికకు ఆటల గురించి రాయమన్నారు. అందరు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ మీద రాస్తున్నరు. నేను వేరే దాని గురించి రాస్తున్నాను. అది ఆట అవునో కాదో చదివినంక మీరే చెప్పండి. అదే మోటారుసైకిల్ ముందల చక్రం లేపి, వెనక చక్రం ఒక్కదాని మీద నడుపుడు. దాన్ని వీలీ అంటారు. మన తండాల పిలగాండ్లు "వీలీ కొట్టుడు" అంటరు.

సెలవులకు ఇంటికి పోతే ఏ తండాలో విన్నా ఇదే ముచ్చట. ఫోన్ల చూస్తరు, నేర్చుకుంటరు, మళ్లీ ఫోన్లనే పెడతరు. తీజ్ పండుగ నాడు మనం మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకొని వరుసగా పోతుంటే, పక్కపొంటి రోడ్డు మీద బండ్లు లేపుతరు. పెద్దమనుషులు తిడతరు. పిల్లలు ఈలలు వేస్తరు. అందుకే దీని గురించి మనం కూడా ఆలోచించవలసి ఉన్నది.

నా అభిప్రాయం ముందే చెప్తున్నాను. వీలీ కూడా ఒక విద్యే. కాని రోడ్డు దాని జాగా కాదు, ఇంటి బండి దాని సామాను కాదు. ఇంకొక మాట ఏమనగా, దాని నష్టం ఆడపిల్లల మీద వచ్చి పడుతది. ఎట్లనో వివరిస్తాను.

మొదట చక్రం ఎందుకు లేస్తదో తెలుసుకుందాం. ఎడ్లబండిల వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తది గదా, అందులో సగం కత ఇదే. బరువు వెనకకు పోతే ముందరిది తేలికైతది. మిగతా సగం మన 9వ తరగతి సైన్సు పుస్తకంలనే ఉన్నది. ఎక్సలేటర్ ఒక్కసారి గుంజితే వెనక చక్రం నేలను వెనకకు తంతది, నేల బండిని ముందుకు నూకుతది. ఇది న్యూటన్ మూడవ గమన నియమం. ఆ నూకుడు కింద నేల దగ్గర తగులుతది. బండి బరువు, మనిషి బరువు పైన ఉంటది. ఆగిన బస్సు ఒక్కసారి కదిలితే నిలబడ్డ మనం వెనకకు పడబోతం చూడండి, బండి కూడ అట్లనే వెనకకు వాలుతది, ముందు చక్రం గాలిల తేలుతది.

తేలినంక ఏమైతది? బండి తిప్పేది ముందు చక్రం, అది నేల మీద లేదు. బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకు, అది పనికి రాదు. హ్యాండిల్, లైటు కండ్లకు అడ్డం వస్తయి, ముందు ఏమున్నదో సక్కగ కనబడదు. రాత్రి అయితే లైటు ఆకాశం దిక్కు చూస్తది. చేతుల ఉన్నది రెండే: ఎక్సలేటర్ ఒకటి, వెనక బ్రేకు ఒకటి. వెనక బ్రేకు తొక్కితే ముందు చక్రం దిగుతది. కొత్తగ నేర్చేటోడు భయపడి బ్రేకు మరిచి ఎక్సలేటర్ ఇంకా గట్టిగ పట్టుకుంటడు. అప్పుడు బండి వెనకకు పల్టీ కొడుతది. చక్రం వంకరగ దిగితే హ్యాండిల్ కొట్టుకొని పక్కకు పడేస్తది. బండికి కూడ నష్టమే. క్లచ్ ప్లేట్లు కాలుతయి, ముందరి షాకబ్జర్లు దెబ్బ తింటయి. ఎక్కువసేపు లేపి ఉంచితే ఇంజన్ ఆయిల్ వెనకకు జారి, కావలసిన చోట అందదు.

ఇంత చదివినంక ఒకటి ఒప్పుకోవాలె. ఇన్ని కష్టాలున్నా ఒక్క చక్రం మీద నిలబెట్టినోనికి ఒంటి మీద పట్టు ఉన్నట్టే. నీళ్ల బిందె మీద బిందె పెట్టుకొని చేతులు విడిచి నడిచే మన అమ్మలకు ఆ పట్టు ఎంత కష్టమో తెలుసు. మా తండాల ఒకన్ని అడిగిన, "అన్నా, ఎందుకు ఇది?" అని. "ఆరు నెలలు చెరుకు కొడితే ఎవ్వడు చూడడు. ఒక్క నిమిషం బండి లేపితే అందరు చూస్తరు" అన్నడు. ఆ మాట అబద్ధం కాదు. మన నారాయణఖేడ్ దిక్కు తండాల నుంచి ఎంతమంది చెరుకు కొట్టుడుకు పోతరో ఈ హాస్టల్లో ఉన్న మనకు చెప్పనక్కర లేదు. మనల్ని ఇక్కడ ఉంచి పోయేది కూడ అందుకే. వాళ్లకు ఆట స్థలం లేదు, నేర్పే సారు లేడు, మెచ్చుకునేటోళ్లు లేరు. అందుకని వాళ్లను రౌడీలు అని ఒక్క మాటతో తీసి పారేయడం నాకు ఇష్టం లేదు.

అయితే రోడ్డు ఎవరిది? అందరిది. మన మండలం రోడ్డు మీద పంట కాలంల మక్కలు, సోయా ఎండబోస్తరు. బర్రెలు అడ్డం వస్తయి. వెనక లైటు లేని చెరుకు ట్రాక్టర్లు పోతయి. నెత్తిన గడ్డిమోపుతో ముసలవ్వ పోతది. వీలీ కొట్టేటోడు తన పాణం పందెం పెడితే పెట్టిండు, ఆ అవ్వ పాణం పందెం పెట్టుడుకు ఆయన ఎవరు?

పేరు మోసినోళ్లు కూడ పడ్డరు. తమిళనాడుల టీటీఎఫ్ వాసన్ అనే యూట్యూబర్ ఉన్నడు. 2023 సెప్టెంబర్ 17న చెన్నై–బెంగళూరు హైవే మీద కాంచీపురం దగ్గర వీలీ చేయబోయి ఎగిరి పడ్డడు. ఒంటి నిండ రక్షణ తొడుగులు ఉన్నా చెయ్యి విరిగింది. పోలీసులు అరెస్టు చేసిండ్రు, ఆయన లైసెన్సును 10 సంవత్సరాలు ఆపేసిండ్రు. లక్షలమంది చూసేటోనికే అట్ల అయింది. హవాయి చెప్పులతో, టోపీ కూడ లేకుండ లేపే మన పిలగాండ్ల సంగతి ఏమి?

2022లో మన దేశంల రోడ్డు ప్రమాదాలల్ల 1,68,491 మంది చనిపోయినట్టు కేంద్ర ప్రభుత్వ నివేదికల ఉన్నది. అందుల వందకు 44 మందికి పైగా రెండు చక్రాల బండ్ల మీద పోయినోళ్లే. హెల్మెట్ లేక చనిపోయినోళ్లు 50,029 మంది. వీళ్లందరు వీలీలు కొట్టినోళ్లు కాదు. మామూలుగ రెండు చక్రాలు నేల మీద ఉన్నప్పుడే ఇంత ప్రమాదం ఉంటే, ఒకటి గాలిల ఉంటే ఎట్లనో ఆలోచించండి.

చట్టం కూడ తెలుసుకోవాలె. గేర్ల బండి నడపాలంటే 18 ఏండ్లు నిండాలె. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 నిండని పిల్లలు బండి నడిపి నేరం చేస్తే, దానికి తల్లిదండ్రులో బండి యజమానో జవాబు చెప్పాలె. 3 ఏండ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దయితది. ఆ పిల్లగానికి 25 ఏండ్లు వచ్చేదాక లైసెన్సు రాదు. అంటే కొడుకు ఒక్క నిమిషం లేపిన చక్రం బాపు నెత్తి మీద దిగుతది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మా చుట్టాలల్ల జరిగిన సంగతి ఇది. పేర్లు రాయను. వాళ్ల ఇంట్ల బండి ఫైనాన్సుల తీసుకున్నరు. ఆ ఒక్క బండే అంగడికి పోవాలన్నా, పత్తి మందు తేవాలన్నా, కాన్పు నొప్పులు వస్తే ఆటో పిలువ పోవాలన్నా. పెద్దకొడుకు చెరువు వెనక మట్టి బాట మీద వీలీ నేర్చుకున్నడు. రెండు నెలలల్ల బాగనే లేపిండు. ఒకనాడు చక్రం వంకరగ దిగింది, మణికట్టు విరిగింది. ఖేడ్ దవాఖానకు, అక్కడి నుంచి సంగారెడ్డికి తీసుకపోయిండ్రు. బండి షెడ్డుల పడ్డది, కిస్తు మాత్రం ఆగలేదు.

చెరుకు కొట్టుడుకు అప్పటికే అడ్వాన్సు తీసుకున్నరు. అక్కడ లెక్క జోడీ మీద ఉంటది. ఒకరు కొట్టాలె, ఒకరు మోపు కట్టాలె. బాపుకు జోడీ కొడుకు. కొడుకు చెయ్యి కట్టుల ఉన్నది. అడ్వాన్సు తిరిగి ఇయ్యడానికి పైసలు లేవు. అప్పుడు ఎవరు పోయిండ్రు? 10వ తరగతి చదివే ఆయన చెల్లె పోయింది. హాజరు తక్కువైంది, ఆ ఏడు పరీక్ష రాయలేదు. మణికట్టు మూడు నెలలకు అతికింది. ఆమె చదువు ఇంకా అతకలేదు.

అక్కలారా, చెల్లెళ్లారా, ఇది నేను ఎందుకు రాస్తున్నాననగా, ఇంట్ల ఏది విరిగినా మొదట ఆగేది మన చదువే. మా యాడి వేలిముద్ర వేస్తది. మా ఇంట్ల పుస్తకం పట్టినదాన్ని నేనే మొదటిదాన్ని. మనలో చాలమంది అటువంటి వాళ్లమే. మన చదువు ఇంకా గట్టిపడని మొలక వంటిది. ఎవరి చక్రం వచ్చి తగిలినా విరుగుతది.

ఇంకో నష్టం కూడ ఉన్నది. మా చిన్నమ్మ బిడ్డ వేరే దగ్గర హాస్టల్లో చదువుతున్నది. అక్కడ గేటు ముందు పిలగాండ్లు వచ్చి బండ్లు లేపుతున్నరని, సాయంత్రం ఆడపిల్లలను గ్రౌండుకు పంపుడు బంద్ చేసిండ్రట. లేపింది వాళ్లు, లోపల కూసున్నది వీళ్లు. పెద్దలకు మన మీద భయం ఉంటది, అది ప్రేమే. కాని మేడం గారూ, తప్పు చేసినోని బండి ఆపాలె గాని, తప్పు చేయని పిల్ల ఆట ఆపొద్దు. అటువంటి రోజు ఎక్కడ వచ్చినా పోలీసులకు, సర్పంచ్‌కు, ఆ పిలగాండ్ల ఇంటికి చెప్పాలె.

కొందరు అడుగుతరు, "మరి సాహసం వద్దా? భయపడుకుంట ఇంట్ల ఉండాల్నా?" అని. వద్దని నేను అనను. మాలావత్ పూర్ణ మన వంటి తండా పిల్లనే, నిజామాబాద్ జిల్లా పాకాల ఊరు, గురుకులంల చదివింది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏండ్లు కూడ నిండలేదు. కాని ఎట్ల ఎక్కింది? ముందు భువనగిరి గుట్ట మీద నేర్చుకున్నది. తర్వాత డార్జిలింగ్‌ల నేర్చుకున్నది. చలికి లడఖ్‌ల అలవాటు పడ్డది. తాడు ఉన్నది, నేర్పే సారు ఉన్నడు. సాహసం అంటే అది. తాడు లేకుండ దుంకితే దాన్ని తెగింపు అంటరు, సాహసం అనరు.

బండి మీద సాహసం కూడ ఉన్నది. 2018లో జై భారతి గారు ముందుండి నలుగురు ఆడవాళ్లు హైదరాబాద్ నుంచి మోటారుసైకిళ్ల మీద మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాలు తిరిగి వచ్చిండ్రు. రెండు చక్రాలు నేల మీదనే పెట్టి అంత దూరం పోయిండ్రు. మన తండాల ఎంతమంది ఆడవాళ్లకు బండి వస్తది? యాడికి జ్వరం వస్తే అన్న కోసం ఎదురు చూసుడే గదా. కాబట్టి మనం నేర్వవలసింది చక్రం లేపుడు కాదు, బండి నడుపుడు. 18 నిండినంక, లైసెన్సు తీసుకొని, హెల్మెట్ పెట్టుకొని.

వీలీ విద్య నేర్చే తీరాలె అనేటోళ్లకు కూడ ఒక తోవ ఉండాలె. మూసిన మైదానం, నేర్పే మనిషి, మోకాళ్లకు మోచేతులకు తొడుగులు, తన సొంత పైసల బండి. ఇవి నాలుగు లేని నాడు ఆ విద్య పక్కకు పెట్టుడే మంచిది.

చివరగా మూడు విన్నపాలు. ఒకటి, మన ఆటల పోటీలల్ల స్లో సైకిల్ పందెం పెట్టండి. కాలు కింద పెట్టకుండ అందరికంటె ఆలస్యంగా వచ్చినోళ్లు గెలిచే ఆట అది. ఒంటి మీద పట్టు ఎవరికి ఉన్నదో దాంట్ల తెలుస్తది, ఎవరి చెయ్యి విరగదు. రెండు, సైకిల్ రాని చెల్లెళ్లకు ఆదివారం నేర్పుదాం. నాకు వస్తది, నేను నేర్పుతాను. మూడు, సెలవులకు పోయినప్పుడు ఎవరన్న బండి లేపితే ఈల వేయకండి, ఫోన్ల తీయకండి. ఆయన లేపేది మన చూపు కోసమే. ఇంటికి వచ్చినంక మాత్రం అన్నకు నెమ్మదిగా ఒక్క మాట చెప్పండి: "భియా, నీ చెయ్యి విరిగితే నా బడి ఆగుతది."

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి, నాగల్‌గిద్ద.