పోటు గీత ఎక్కడ?

నెల్లూరు జిల్లా మైపాడు, కోడూరు తీరాల్లో ఇల్లు కట్టాలంటే సొంత స్థలం ఉంటే చాలదు. అది పోటు గీతకు, అంటే సముద్రపు పోటు చేరే హద్దుకు, ఎంత దూరమో తేలాలి.

2011 సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ జోన్) నోటిఫికేషన్ గ్రామీణ తీరంలో ఆ గీత నుంచి 200 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలను కట్టడి చేసింది. 2019లో, చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించి ఉన్న గ్రామీణ ప్రాంతాలకు దాన్ని 50 మీటర్లకు కుదించే వీలిచ్చారు. మిగతా చోట్ల 200 మీటర్లే. జనం కిక్కిరిసిన చోట వెసులుబాటు, పలచని పాలేనికి ఆంక్ష. ఇదేం లెక్కో!

నిజానికి ఆ దూరం దాటిన చోట 300 చదరపు మీటర్ల లోపు సొంతింటికి స్థానిక సంస్థ అనుమతి చాలు. తుపాన్ల తీరంలో దూరం పాటించాల్సిందే, కాదనలేం. కానీ ఆ గీతను జాలరికి చూపేదెవరు? తీర పటాన్ని తెలుగులో, సర్వే నంబర్లతో ప్రతి పంచాయతీ గోడకూ అంటించాలి.